ఆశా చెప్పిన మాట డాక్టరు దాకా చేరుతోందా?

పీహెచ్‌సీలో మందులున్నాయి, పరీక్షలున్నాయి, సిబ్బందీ ఉన్నారు. అయినా ఒక్కోసారి రోగికి అన్యాయం జరుగుతోంది. ఒకరికి తెలిసిన సంగతి పక్కనున్నవారికి తెలియకపోవడం అందుకు పెద్ద కారణం. పల్లెలో అమ్మానాన్నలున్న ప్రతి కుటుంబమూ పట్టించుకోవాల్సిన విషయమిది.

కొన్నేళ్ల కిందటి మాట. అప్పట్లో నేను ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మెడికల్ ఆఫీసర్‌ని. సీజనల్ జ్వరాల రోజులు. ఓపీ ముందు వరుస గేటు దాకా ఉంది. మధ్యాహ్నం ఒంటి గంట ప్రాంతంలో ఆశా కార్యకర్త ఫోన్ చేసింది.

‘‘సార్, మా ఊళ్లో ఎనిమిదో నెల అమ్మాయి ఉంది కదా సార్. తలనొస్తోందని అంటోంది. కాళ్లు కూడా వాచినయ్.’’

‘‘నెలలు నిండేటప్పుడు కాళ్లు వాస్తయమ్మా. రేపు పొద్దున తీసుకురా, చూస్తాను’’ అని ఫోన్ పెట్టేశాను. నిమిషం కూడా మాట్లాడలేదు.

ఆ రాత్రి ఆ అమ్మాయికి ఫిట్స్ వచ్చాయి. 108లో పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు.

రెండు రోజుల తర్వాత నేను, ఏఎన్‌ఎం, ఆశా ముగ్గురం కూర్చున్నాం. అంతకు మూడు రోజుల ముందే ఏఎన్‌ఎం ఆ అమ్మాయి బీపీ చూసింది. 150/100 ఉంది. రిజిస్టర్‌లో రాసింది, ఆన్‌లైన్‌లో ఎక్కించింది. నాకు చెబుదామనుకుంటే ఆ రోజు నేను జిల్లా కేంద్రంలో మీటింగులో ఉన్నాను. ‘‘ఆన్‌లైన్‌లో పెట్టిన కదా సార్, మీరు చూసే ఉంటారనుకున్న’’ అంది. బీపీ సంగతి ఆశాకు తెలియదు. తలనొప్పి సంగతి ఏఎన్‌ఎంకు తెలియదు. బీపీ అంకె, తలనొప్పి కలిపి చూస్తే వైద్య విద్యార్థి కూడా ప్రమాదం గుర్తుపడతాడు. అయితే ఆ రెండూ ఒకచోటికి చేరలేదు. అవి కలవాల్సిన చోట నేనున్నాను. నేను ఫోన్ పెట్టేశాను.

ముగ్గురిలో ఎవరూ పని ఎగ్గొట్టలేదు. అందుకే ఆ సంఘటన నన్ను ఇప్పటికీ వదలదు.

ఒక రోగి, ఎన్ని చేతులు?

ప్రస్తుతం నేను ప్రభుత్వ ఆసుపత్రిలో ఫిజీషియన్‌ని. అంటే పీహెచ్‌సీలు పంపే రోగుల్ని అందుకునే వైపు ఉన్నాను. ఇటునుంచి చూస్తే సమస్య ఇంకా బాగా కనిపిస్తోంది.

సూర్యాపేట జిల్లాలోని నడిగూడెం మండలాన్నే తీసుకుందాం. కోదాడకు దగ్గర్లో, సాగర్ ఎడమ కాల్వ పారే ప్రాంతం. చాకిరాల, సిరిపురం, రత్నవరం లాంటి ఊళ్లలో ఒక గర్భిణికి కాన్పయ్యేలోపు ఎంతమంది సేవలందిస్తారో లెక్కేయండి. నెల తప్పిన సంగతి ముందు తెలిసేది ఆశాకు. నమోదు చేసి, టీకా వేసి, బీపీ చూసేది ఏఎన్‌ఎం. గుడ్లు, బరువు లెక్క అంగన్‌వాడీ టీచర్‌వి. పల్లె దవాఖాన ఉంటే అక్కడి వైద్య సిబ్బంది చూస్తారు. రక్తపరీక్ష ల్యాబ్ టెక్నీషియన్, ఐరన్ గోలీలు ఫార్మసిస్టు, ఇంజెక్షన్లు స్టాఫ్ నర్సు, పరీక్ష మెడికల్ ఆఫీసర్. అక్కడి నుంచి పంపితే 108 సిబ్బంది, కోదాడలో గైనకాలజిస్టు. కేసు కష్టంగా ఉంటే సూర్యాపేట ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి, అదీ దాటితే హైదరాబాద్. తక్కువలో తక్కువ పదిమంది.

నిబంధనల ప్రకారం మైదాన ప్రాంతంలో వెయ్యి జనాభాకు ఒక ఆశా, 5 వేలకు ఒక సబ్ సెంటర్, 30 వేలకు ఒక పీహెచ్‌సీ ఉండాలి. అంటే ఒక మెడికల్ ఆఫీసర్‌కు దాదాపు 30 మంది ఆశాలు, ఆరుగురు ఏఎన్‌ఎంల నుంచి కబురు అందాలి. కాగితం మీద ఇది మంచి ఏర్పాటే. 1946లో భోర్ కమిటీ గ్రామీణ ఆరోగ్య కేంద్రాలను ప్రతిపాదించింది. 1978లో ఆల్మా ఆటా ప్రకటన డాక్టర్, నర్సు, గ్రామ కార్యకర్త ఒక బృందంగా పనిచేయాలని చెప్పింది. మన దగ్గర 2005లో ఆశా వ్యవస్థ వచ్చింది. బృందంలో మనుషుల్ని చేర్చుకుంటూ వచ్చాం. వాళ్లు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకోవాలో మాత్రం పెద్దగా నేర్పలేదు. ఎంబీబీఎస్‌లోనూ, ఎండీలోనూ నాకెవరూ ఆశా ఫోన్ ఎలా వినాలో చెప్పలేదు.

కాల్వకు గండి పడిన రోజు

2024 సెప్టెంబరు 1 నాటి వర్షాలు ఈ ప్రాంతవాసులకు గుర్తుండే ఉంటాయి. నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాల్వకు గండి పడింది. కోదాడలోనూ కాలనీలు మునిగాయి. రోడ్లు తెగాయి.

అలాంటి పూట వైద్య సిబ్బంది ముందు నిలిచే ప్రశ్నలు చాలా మామూలువి. ఈ వారంలో కాన్పు కావాల్సినవాళ్లు ఎవరెవరు? ఇన్సులిన్ అయిపోవచ్చినవాళ్లెవరు? డయాలసిస్‌కు వెళ్లాల్సినవాళ్లెవరు? మధ్యలో ఆపకూడని టీబీ మందులు వాడేవాళ్ల ఇల్లు నీళ్లలో ఉందా? ఈ జవాబులన్నీ ఉంటాయి. కాకపోతే కొన్ని ఆశా డైరీలో, కొన్ని ఏఎన్‌ఎం రిజిస్టర్‌లో, కొన్ని ట్యాబ్‌లో, కొన్ని వాళ్ల తలల్లో ఉంటాయి. కరెంటు, ఫోన్ సిగ్నల్ పోతే ట్యాబ్ పనికిరాదు. గోడ మీద పేర్ల పట్టిక ఉన్న చోట, రోజూ పది నిమిషాలు కలిసి కూర్చునే అలవాటున్న చోట ఈ జవాబులు క్షణాల్లో దొరుకుతాయి. లేని చోట వరద వచ్చాక పేర్లు రాసుకోవడం మొదలుపెట్టాలి.

సమాచారం పైకి వెళ్తోంది, పక్కకు వెళ్లడం లేదు

ఇంతమంది ఉండి కూడా మాట ఎందుకు చేరడం లేదు? నాకు కనిపించిన కారణాలు నాలుగు.

మొదటిది, శాఖల గోడలు. పీహెచ్‌సీ ప్రజారోగ్య విభాగం కింద ఉంటుంది. అంగన్‌వాడీ మహిళా శిశు సంక్షేమ శాఖది. ఏరియా ఆసుపత్రులు వైద్య విధాన పరిషత్ కింద పెరిగాయి. మెడికల్ కాలేజీ ఆసుపత్రులు వైద్య విద్యా శాఖవి. ఒక గర్భిణి ఊరి నుంచి జిల్లా కేంద్రానికి వచ్చేలోపు ఇన్ని సరిహద్దులు దాటుతుంది. ప్రతి సరిహద్దు దగ్గరా కథ మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి.

రెండోది, యాప్‌లు. గర్భిణుల వివరాలకు ఒకటి, టీకాలకు ఒకటి, బీపీ, షుగర్ సర్వేకు ఒకటి, టీబీకి ఇంకొకటి. ఎక్కించిన అంకెలన్నీ జిల్లాకు, రాష్ట్రానికి, ఢిల్లీకి వెళ్తాయి. ‘ఎంతమందిని పరీక్షించారు?’ అన్న ప్రశ్నకు జవాబు వెంటనే దొరుకుతుంది. ‘నిన్న బీపీ ఎక్కువ వచ్చిన మనిషిని ఈ రోజు ఎవరు చూశారు?’ అన్న ప్రశ్నకు దొరకదు. యాప్‌లో ఎక్కించడాన్ని డాక్టరుకు చెప్పడంగా భావించడం ప్రమాదకరమైన అలవాటు. నా కేసులో జరిగింది అదే. వాట్సాప్ గ్రూపులూ అంతే. శుభోదయం బొమ్మలు, మీటింగు ఫొటోలు, రిపోర్టులు త్వరగా పంపమని హెచ్చరికల మధ్య ‘హెచ్‌బీ 6.5, అర్జెంట్’ అన్న మెసేజ్ ఎటో కొట్టుకుపోతుంది.

మూడోది, భయం, హోదా. ఆశా చదువు తక్కువ కావచ్చు, జీతం కాదు గౌరవ వేతనం కావచ్చు. తెలంగాణలో ఆశాలు నెలకు 18 వేల రూపాయల స్థిర వేతనం అడుగుతూ రోడ్డెక్కిన సంగతి పత్రికల్లో చదివే ఉంటారు. తన కొలువుకే భరోసా లేని మనిషి ‘సార్, మీరు పొరబడుతున్నారు’ అనగలదా? ఒకసారి కసురుకున్న డాక్టర్‌కు రెండోసారి ఫోన్ చేయడానికి జంకుతుంది. సాయంత్రం దాకా చూద్దాంలే అనుకుంటుంది. గర్భిణి విషయంలో ఆ సాయంత్రం దాకానే ప్రాణాల మీదకు తెస్తుంది.

నాలుగోది, ఒకవైపే నడిచే రిఫరల్. నా దగ్గరికి వచ్చే చాలా చీటీల మీద ‘మెరుగైన చికిత్స కోసం’ అని మాత్రమే ఉంటుంది. ఏ మందు ఎంత ఇచ్చారు, ఎన్ని గంటలకు ఇచ్చారు అన్నది ఉండదు. మేమూ తక్కువ తినలేదు. రోగిని డిశ్చార్జి చేసేటప్పుడు ఆంగ్లంలో రెండు పేజీలు రాసిస్తాం. అది బీరువాలోకి పోతుంది. ఆ ఊరి ఏఎన్‌ఎంకు ఒక్క ఫోన్ చేయం. గుండెపోటు వచ్చి ఇంటికి చేరిన మనిషి ఏ గోలీ ఆపకూడదో, ఎప్పుడు మళ్లీ రావాలో ఆ ఊళ్లో గుర్తుచేసే మనిషికే తెలియదు.

2018-20 నమూనా నమోదు సర్వే ప్రకారం తెలంగాణలో లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు 43. దేశ సగటు 97. ఇది గర్వించదగ్గ సంగతే. ఆసుపత్రి కాన్పులు, 108 బళ్లు, ఊరూరా తిరిగే ఆశాలు, ఏఎన్‌ఎంల కష్టం అందులో ఉంది. తల్లి మరణాన్ని సమీక్షించేటప్పుడు మేం మూడు ఆలస్యాలు వెతుకుతాం. ఆసుపత్రికి వెళ్లాలని నిర్ణయించుకోవడంలో ఆలస్యం, చేరడంలో ఆలస్యం, చేరాక వైద్యం అందడంలో ఆలస్యం. బళ్లు, రోడ్లు వచ్చాక రెండోది తగ్గింది. మొదటిది, మూడోది తగ్గాలంటే మాట త్వరగా, సరిగ్గా చేరాలి.

మధ్యతరగతి ఇంట్లో ఇదే కథ

‘మేం ప్రైవేటులో చూపించుకుంటాం, మాకెందుకివన్నీ?’ అనుకునేవారికి ఒక ఉదాహరణ చెప్పాలి.

డెబ్బై ఏళ్ల విశ్రాంత ఉద్యోగి. భార్యతో ఊళ్లో ఉంటాడు. కొడుకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. కొడుకు దగ్గరున్నప్పుడు కార్పొరేట్ డాక్టర్ బీపీకి గోలీ రాశాడు. ఊళ్లో సర్వేలో బీపీ ఎక్కువుందని తేలి ప్రభుత్వం తరఫున ఇంకో గోలీ ఇచ్చారు. డబ్బా రంగు వేరు, పేరు వేరు, లోపల మందు ఒక్కటే - ఆమ్లోడిపిన్. రెండూ వేసుకున్నాడు. ఈ మందు మోతాదు పెరిగితే కొందరికి కాళ్లు వాస్తాయి. ఆయనకూ వాచాయి. ఊళ్లో ఆర్‌ఎంపీ చూసి నీరు పోయే గోలీ ఇచ్చాడు. పది రోజులకు నీరసం. ఒక తెల్లవారుజామున బాత్రూంకు లేచి, తల తిరిగి పడి, తుంటి విరిగింది.

ఆపరేషన్ ముందు ఫిట్‌నెస్ కోసం నా దగ్గరికి వచ్చినప్పుడు మందుల సంచి విప్పి చూస్తే అసలు సంగతి బయటపడింది. ముగ్గురూ తమకు తెలిసినంతలో వైద్యం చేశారు. ముగ్గురిలో ఎవరికీ మిగతా ఇద్దరి సంగతి తెలియదు. ‘ఆశా వచ్చి అడిగితే మేం ప్రైవేటులో వాడుతున్నామని చెప్పలేదు సార్, ఆమెతో మనకేం పని అనుకున్నాం’ అన్నాడు కొడుకు.

2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం, 31.5 కోట్ల మందికి అధిక రక్తపోటు ఉన్నాయని అంచనా వేసింది. ఇవి ఏళ్ల తరబడి మందులు వాడాల్సిన జబ్బులు. ఎక్కడ చూపించుకున్నా, ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియాల్సిందే.

నాలుగు ముక్కల్లో ఫోన్

అమెరికా నౌకాదళం అణు జలాంతర్గాముల్లో కబురు క్లుప్తంగా, పొరపాటు లేకుండా చెప్పడానికి ఒక పద్ధతి పెట్టుకుంది. తర్వాత అది ఆసుపత్రులకు వచ్చింది. అందులో నాలుగు ముక్కలుంటాయి: ఇప్పుడేం జరుగుతోంది, వెనుక కథేంటి, నాకేమనిపిస్తోంది, మీరేం చేయాలి. దీనికి పెద్ద చదువు అక్కర్లేదు. ఆ రోజు మా ఆశాకు ఈ పద్ధతి నేర్పి ఉంటే, ఏఎన్‌ఎం చూసిన బీపీ అంకె ఆమెకు తెలిసి ఉంటే, ఫోన్ ఇలా ఉండేది:

‘‘సార్, ఎనిమిదో నెల గర్భిణి, పొద్దుటి నుంచి తలనొప్పి, చూపు మసకగా ఉందంటోంది. మొదటి కాన్పు, మూడు రోజుల కింద బీపీ 150/100 ఉండె. నాకు గుర్రపువాతం వస్తదేమోనని భయంగా ఉంది. 108కు ఫోన్ చేయాలా, మీరొస్తరా?’’

ఈ మాటలు విన్న ఏ డాక్టరూ ‘రేపు తీసుకురా’ అనడు. ఫోన్ ఎత్తినవారూ ఒక పని చేయాలి. విన్నది తిరిగి చెప్పాలి: ‘‘బీపీ 150/100, తలనొప్పి, చూపు మసక. 108 పిలువు. దారిలో పీహెచ్‌సీ దగ్గర ఆపండి, మెగ్నీషియం మొదటి డోసు ఇచ్చి నేనే కోదాడకు ఫోన్ చేస్తా.’’ ఇలా తిరిగి చెబితే చెప్పిన మాట సరిగ్గా అందిందని ఇద్దరికీ రూఢి అవుతుంది.

బృందంగా పనిచేస్తే ఫలితం ఉంటుందనడానికి మన దగ్గరే రుజువుంది. 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలైన రక్తపోటు నియంత్రణ కార్యక్రమంలో తెలంగాణ మొదటి నుంచీ ఉంది. అందరికీ ఒకే చికిత్సా క్రమం, నర్సు బీపీ చూడటం, మందులు ఇంటి దగ్గరి కేంద్రంలోనే ఇవ్వడం, రాని రోగికి ఫోన్ చేయడం అందులో ప్రధానం. కొత్త మందులేం లేవు. పనిని పంచుకున్నారు, ఎవరేం చేయాలో రాసుకున్నారు. 2022లో దీనికి ఐక్యరాజ్యసమితి పురస్కారం దక్కింది. బ్రెజిల్ 1994 నుంచి డాక్టర్, నర్సు, ఇంటింటికీ తిరిగే కార్యకర్తలను ఒకే కుటుంబ ఆరోగ్య బృందంగా చేసి, నిర్ణీత కుటుంబాల బాధ్యత వాళ్లకే అప్పగించింది. ‘మీ రోగి, మా రోగి’ అన్న మాటకు అక్కడ చోటు తక్కువ.

మన పీహెచ్‌సీల్లో రేపటి నుంచే చేయగలిగినవి ఉన్నాయి. ఓపీ మొదలయ్యే ముందు పది నిమిషాలు అందరూ నిలబడి ప్రమాదంలో ఉన్న రోగుల గురించి మాట్లాడుకోవడం. ముప్పున్న గర్భిణుల పట్టిక సిబ్బంది గదిలో, బయటివాళ్లకు కనపడకుండా ఉంచడం. అర్జెంట్ సంగతి గ్రూపులో పెట్టి వదిలేయకుండా ఫోన్ చేసి చెప్పాలన్న నియమం. ఆశాల నెలవారీ సమావేశంలో టార్గెట్ల లెక్కకు ముందు ‘ఈ నెల ఎవరి గురించి భయపడ్డారు?’ అని అడగడం. పెద్దాసుపత్రి నుంచి ఊరి ఏఎన్‌ఎంకు తిరుగు చీటీ పంపడం. వీటికి జీవోలు, నిధులు అక్కర్లేదు. ఖాళీ పోస్టులు నింపడం, ఆశాల వేతనం తేల్చడం, యాప్‌లను ఒక్కటి చేయడం మాత్రం ప్రభుత్వం చేయాల్సిన పనులే. నలుగురి పని ఒక్కరే చేస్తున్న ఏఎన్‌ఎంను సరిగ్గా మాట్లాడమని బోధించడం అన్యాయం.

మీ కుటుంబం చేయాల్సినవి

• ప్రతి మనిషికీ ఒకే ఫైలు పెట్టండి. ప్రైవేటు, ప్రభుత్వ కాగితాలన్నీ తేదీల వారీగా అందులోనే. పై పేజీ మీద జబ్బులు, వాడుతున్న మందులు, పడని మందులు పెద్ద అక్షరాల్లో రాయండి.

• ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా మందుల డబ్బాలన్నీ సంచిలో వేసుకెళ్లండి. ‘వీటిలో రెండు ఒకే మందు ఉన్నాయా?’ అని డాక్టర్‌నో ఫార్మసిస్టునో అడగండి. మీ అంతట మీరు ఆపేయవద్దు.

• ఆశా, ఏఎన్‌ఎం ఇంటికి వస్తే ప్రైవేటులో వాడుతున్న మందుల సంగతీ చెప్పండి. ఆమె ఫోన్ నంబర్ మీ దగ్గర, మీ నంబర్ ఆమె దగ్గర ఉండాలి. పిల్లలు దూరాన ఉంటే వారి నంబర్ కూడా ఇవ్వండి.

• పెద్దాసుపత్రికి రాసినప్పుడు నాలుగు ప్రశ్నలు అడగండి: ఎందుకు పంపుతున్నారు? ఇప్పటిదాకా ఏం మందు, ఎన్ని గంటలకు ఇచ్చారు? అక్కడ ఎవరికైనా ఫోన్ చేశారా? తిరిగొచ్చాక ఎవరికి చూపించాలి? జవాబులు చీటీ మీద రాయించుకోండి.

• డిశ్చార్జి అయ్యాక ఆ కాగితాన్ని వారంలోపు మీ సబ్ సెంటర్‌లోనో, పల్లె దవాఖానలోనో చూపించండి.

• గర్భిణికి తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం, చేతుల వాపు, పైకడుపు నొప్పి, రక్తస్రావం, బిడ్డ కదలిక తగ్గడం - వీటిలో ఏది కనిపించినా రేపటిదాకా ఆగవద్దు. ఎవరు రేపు రమ్మన్నా సరే, 108కు ఫోన్ చేయండి. బీపీ 140/90, ఆపైన ఉంటే అదే రోజు డాక్టర్ చూడాల్సిందే.

ఆ కేసు తర్వాత మా ఆశాతో ఒక మాట చెప్పాను. ‘‘నేను కసిరినా సరే, నీకు భయమనిపిస్తే ఫోన్ పెట్టకమ్మా. సార్, నాకు భయంగా ఉంది అని చెప్పు.’’ ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ‘‘ఆ రోజు కూడా భయమైంది సార్, చెప్పనీకి ధైర్యం రాలే’’ అంది. ఆ తర్వాత నేను అక్కడున్నన్నాళ్లూ ఆమె ఆ మాట చెప్పి ఎన్నోసార్లు ఫోన్ చేసింది. చాలాసార్లు ఏమీ ఉండేది కాదు. రెండుసార్లు మాత్రం ఉంది. ఆ ఇద్దరు తల్లులూ బిడ్డలతో ఇంటికి వెళ్లారు.